ఊడ్వని తెర

కంప్యూటర్ గురించి నాకు తెలిసినంత కోరుట్లలో ఇంకెవరికీ తెలియదని నేను గట్టిగా నమ్మిన రోజులున్నాయి. బస్టాండు వెనుక సందులో, ఒక టైలరు దుకాణానికీ ఒక చికెన్ సెంటరుకూ మధ్య ఇరుక్కున్న గదిలో నాకో నెట్ సెంటర్ ఉండేది. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు ఒక ఫ్యాను. ఆ ఫ్యాను గాలి నా కుర్చీకి తప్ప ఇంకెవరికీ తగలకుండా చూసుకున్నాను. స్మార్ట్ ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాలేదు. పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టాలన్నా, పదో తరగతి ఫలితం చూడాలన్నా, గల్ఫ్‌లో ఉన్న మనిషి మొహం చూడాలన్నా మా సందులోకి రావాల్సిందే. వచ్చినవాళ్ళు నన్ను "సార్" అనేవారు. ఆ పిలుపు నన్ను బాగా చెడగొట్టింది.

అప్పటిదాకా అందరిలాగే నేనూ దొంగ సీడీతో వేసిన పాత సిస్టం మీదే నెట్టుకొచ్చాను. ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ పెట్టడం, వైరస్ పట్టడం, నేను కంప్యూటర్ డబ్బాను సంచిలో వేసుకుని జగిత్యాల బస్సెక్కడం. జగిత్యాలలో కంప్యూటర్లు బాగుచేసే మిత్రుడొకడు ఈ తిరుగుళ్ళు చూసి చూసి విసిగిపోయి, ఒకనాడు మూడింటిలోనూ ఉచితంగా దొరికే వేరే సిస్టం వేసేశాడు.

"దీనికి వైరస్ పట్టది. కని కొత్తల జర అలవాటు చేసుకోవాలె. అన్నీ మునుపు ఉన్నకాడ ఉండయ్," అన్నాడు.

"నాకు చెప్తున్నవా?" అన్నాను.

వారం తిరక్కుండానే అర్థమైంది, ఆయన చెప్పింది నాకేనని. పాత సిస్టంలో తెరిచిన ప్రతి విండో కింది పట్టీలో బుద్ధిగా కూర్చునేది. కొత్తదాంట్లో పట్టీ పైకి పోయింది. విండో మూసే గుర్తు కుడి నుంచి ఎడమకు వచ్చింది. నా చెయ్యి మాత్రం పాత చోటికే పోయేది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ సిస్టంలో ఒకే తెరకు నాలుగు గదులుంటాయి. ఒక గదిలో పనిచేస్తుంటే మిగతా మూడూ కనిపించవు. మౌసు చక్రం తగలరాని చోట తగిలితే చాలు, తెర పక్క గదిలోకి జారిపోతుంది. ఈ ముక్క నాకు తెలియదు. ఇంతసేపూ ఉన్న విండో మాయమైతే మూతపడిందనుకుని, మళ్ళీ అదే తెరిచేవాణ్ని. అలా ఒక్కో విండోకు కవలలు పుట్టేవి. ఎవరైనా చూస్తుంటే మాత్రం, అంతా నేను కావాలనే చేస్తున్నట్టు మొహం పెట్టేవాణ్ని. మిత్రుడికి ఫోన్ చేసి అడగవచ్చు. కానీ "నాకు చెప్తున్నవా" అన్న నోటితో మళ్ళీ ఎట్లా అడగడం?

పాత సిస్టంలో నాలుగు విండోలు ఎక్కువైతే కంప్యూటర్ నీలుక్కుపోయేది. ఆ భయానికైనా మూసేవాణ్ని. కొత్తది ఎన్ని తెరిచినా కిమ్మనదు. అంత ఓర్పున్నదాన్ని నావంటివాడి చేతిలో పెట్టకూడదు.

అయినా అన్నేసి విండోలు ఎందుకు తెరిచి పెట్టుకున్నానో చెప్పాలంటే మా అత్తగారి చీపురు దగ్గర మొదలుపెట్టాలి.

మా అత్తగారిది సిరిసిల్ల. ఆమె కొడుకు, అంటే మా బామ్మర్ది, తంగళ్ళపల్లిలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ ఏడు ఒక్కొక్క షెడ్డూ మూతపడుతూ వచ్చింది. మొదట వారంలో కొన్నాళ్ళు పని, తర్వాత అదీ లేదు. ఆ వీధుల్లో పగలూ రాత్రీ టకటకమనే చప్పుడుకు అలవాటుపడిన మనుషులు, చప్పుడు ఆగిపోయేసరికి ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడటం మానేశారు. ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. మా బామ్మర్ది కొన్నాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత ఎవరో ఏజెంటు సౌదీలో బట్టల మిల్లులో పని అన్నాడు. వీసా వచ్చింది. బయల్దేరాడు.

మనిషి దూరం ప్రయాణమై గడప దాటితే, అతను చేరే వరకు ఇల్లు ఊడ్వకూడదని మా వైపు పద్ధతి. ఊడిస్తే వెళ్ళినవాణ్ని కూడా ఊడ్చేసినట్టు. మామూలుగా ఆ పూటకో, మర్నాటికో అయిపోయే సంగతి. మా అత్తగారు మాత్రం ఒకడుగు ముందుకు వేసి ముందుగది ఊడ్చే చీపురే దాచిపెట్టింది; అక్కడ దాన్ని పొరక అంటారు.

"వాడు దిగి, వాని నోటితోని నాకు చెప్పేదాక ముంగటర్ర ఎవ్వలు ఊకద్దు," అంది.

నేను నవ్వాను. కంప్యూటర్ మనిషిని కదా, నవ్వడం నా బాధ్యత అనుకున్నాను. మర్నాడు ఆమె మా దుకాణానికి వచ్చి, కొడుకు ఎక్కిన విమానం ఎంతవరకు పోయిందో కంప్యూటర్‌లో కనిపిస్తుందట కదా అని అడిగింది. గొప్పగా చూపించాను. నీలం సముద్రం, దానిమీద చీమంత విమానం. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని తెరను వేలితో తాకింది.

"గిండ్లనే ఉన్నడా?"

"గిండ్లనే అత్తమ్మ."

"వాడు మాట్లాడేదాక గిది ముయ్యకు అల్లుడా."

మళ్ళీ నవ్వాను. కానీ మూయలేదు. మూయడానికి చెయ్యి రాలేదు. రాత్రిళ్ళు ఆ కంప్యూటర్ ఆపడం కూడా మానేశాను, కరెంటు పోతే ఇన్వర్టరు చూసుకునేది.

ఈ సంగతి సందులో పాకింది. మరుసటి వారం బుగ్గారం నుంచి ఒకామె వచ్చింది, కొడుకు మస్కట్ పోతున్నాడని. తర్వాత ధర్మపురి నుంచి ఒకాయన, తమ్ముడి కోసం. చికెన్ సెంటర్ నడిపే భాయ్ భార్య వచ్చి, "మా తమ్ముడి జహాజ్ కూడ పెట్టున్రి భాయ్ సాబ్," అంది. అందరిదీ ఒకే మాట. దిగేదాక ఉండనియ్యి. నేను సరేననేవాణ్ని. దిగినవాళ్ళు ఇంటికి ఫోన్ చేసుకునేవారు, ఇంటివాళ్ళు మా దుకాణం సంగతి మరిచిపోయేవారు. నేనూ మరిచిపోయేవాణ్ని. ఆ బొమ్మ మళ్ళీ కొత్తగా తెరిస్తే తప్ప కదలదు. నా తెరమీద కోరుట్ల, జగిత్యాల మనుషులంతా సముద్రం నడిమధ్య ఆగిపోయి ఉండేవారు. వాళ్ళమీద పదో తరగతి ఫలితాలు, వాటిమీద కరెంటు బిల్లు, దానిమీద ఎవరిదో సగం టైపు చేసిన పెళ్ళి పత్రిక. పెళ్ళికొడుకు తండ్రి పేరు వెతకడానికి నేను అరబ్బు సముద్రం దాటాల్సి వచ్చేది.

మా ఆవిడ ఒకసారి అన్నం డబ్బా తెచ్చి తెర చూసి, "గీ చెత్తల కూసోని నా అల్మారకు వంకలు వెడ్తవా?" అంది. అది చెత్త కాదనీ, పని అనీ చెప్పాను. పనిచేసే మనిషి తెర అట్లాగే ఉంటుందనీ చెప్పాను. ఆమె డబ్బా అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

ఇంతలో బామ్మర్ది నుంచి మాట రాలేదు. మొదటి రోజు రాలేదు, వారానికీ రాలేదు, నెల దాటినా రాలేదు. చివరికి చికెన్ సెంటర్ భాయ్ భార్య కబురు తెచ్చింది. ఆమె తమ్ముడు సౌదీలో నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఎడారిలో ఒక మేకల దొడ్డికి నీళ్ళు పోయడానికి వెళితే అక్కడ మావాడు కనిపించాడట. బట్టల మిల్లు లేదు, ఏం లేదు. పనిలో పెట్టుకున్న కఫీల్ ఫోను గుంజుకున్నాడు. "వీలు దొరికితే ఒక శుక్రవారం నాడు టౌనుకు తోలుకుపోయి, మీ దుకాణంకే కంప్యూటర్ల కాల్ చేపిస్త అన్నడు మా తమ్ముడు," అని చెప్పింది.

ఆ మాట విన్నాక మా ఆవిడ ఏడ్చింది. అత్తగారు ఏడవలేదు. "కని, వాని నోటితోని వినలే," అంది. ముందుగదికి చీపురు తగలనివ్వలేదు. కాగితం ముక్కలు చేత్తో ఏరి పారేసేది. మూలల్లో నూలు పోగులూ దుమ్మూ కలిసి ఉండలు కట్టాయి. మా ఆవిడ సిరిసిల్ల వెళ్ళి తల్లితో పోట్లాడి వచ్చింది. ఇల్లు అట్లా ఉంటే పిల్లలకు రోగాలు రావా అని నేనూ అన్నాను. చదువుకోని మనుషులతో ఇదే బాధ అని కూడా మనసులో అనుకున్నాను. అప్పుడు నా తెరమీద ఎన్ని విమానాలున్నాయో నాకే తెలియదు.

శుక్రవారం శుక్రవారం అత్తగారు సిరిసిల్లలో బస్సెక్కి, వేములవాడలో మారి, మధ్యాహ్నానికల్లా కోరుట్ల చేరేది. ప్రింటరు పక్కన కుర్చీలో కూర్చునేది. కాల్ వచ్చే ప్రోగ్రామ్ నేను పొద్దున్నే తెరిచి ఉంచేవాణ్ని. సాయంత్రం దాకా చూసి, చీకటి పడకముందే లేచి వెళ్ళేది. ఆమె ఏమైనా అంటే బాగుండేదనిపించేది నాకు.

ఆ శుక్రవారం ఎవరో కుర్రాళ్ళు ఉద్యోగ దరఖాస్తు కోసం వచ్చారు. దానికోసం ఒక విండో, దాంట్లోంచి ఇంకొకటి, ఫోటో చిన్నది చెయ్యడానికి మరొకటి తెరిచాను. పని అయింది, వాళ్ళు వెళ్ళారు. అత్తగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటోంది. అప్పుడు గంట మోగింది.

కంప్యూటర్‌లోంచి కాల్ మోత. మోత వినిపిస్తోంది, కాల్ ఎత్తే విండో కనబడదు. ఉద్యోగ దరఖాస్తు పక్కకు జరిపితే కరెంటు బిల్లు. అది జరిపితే మస్కట్ విమానం. దానికిందే దాని కవల. కిందకు నొక్కబోయి ఎక్కడ నొక్కానో, అన్నీ ఒక్కసారిగా మాయమై ఖాళీ తెర వచ్చింది. మోత మాత్రం ఆగలేదు. చక్రం తిప్పితే ఇంకో గది, అక్కడ పెళ్ళి పత్రిక. "ఆగు, ఆగురా," అని యంత్రాన్ని బతిమాలుకున్నాను. సార్ అని పిలిపించుకున్న మనిషినై ఉండి, మౌసును బల్లకేసి కొట్టాను.

మోత ఆగిపోయింది.

"ఎవలన్న పిలిచిండ్రా?" అంది అత్తగారు.

"మనోడే అత్తమ్మ. దొరకవట్టలేకపోయిన."

మళ్ళీ వస్తుందేమోనని చూశాం. రాలేదు. కఫీల్ కళ్ళుగప్పి ఎడారి నుంచి టౌనుదాకా వచ్చిన మనిషి, నేను నా తెర వెతుక్కోలేకపోవడం వల్ల వెనక్కి పోయాడు. సిగ్గుతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

ఆమె తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని తెరకేసి చూసింది. "గివన్ని ఏంది?" అంది.

"విమానాలు. నువ్వే గదా ముయ్యద్దన్నవ్. అందరు గట్లనే అన్నరు."

"దిగలేదా వీళ్ళు?"

"ఎప్పుడో దిగిండ్రు."

"మాట్లాడిండ్రా ఇంటోళ్ళతోని?"

"మాట్లాడే ఉంటరు."

"మరి ఇంక ఎందుకు వెట్టినవ్?" అంది. నిజంగానే అర్థంకాక అడిగింది. "చేరిన కబురు అచ్చినంక ఎంటనే ఊకాలె. లేకపోతే ఇల్లు ఇల్లుగ ఉంటదా? అచ్చేటోడు యాడ కూసుంటడు?"

ఆ పద్ధతిలో ఈ రెండో సగం ఉందని నాకు తట్టనే లేదు. పద్ధతిని చూసి నవ్విన మొనగాణ్ని, పాటించడం మొదలుపెట్టి సగంలోనే ఆగిపోయాను.

"ముయ్యి. నేనిక్కడ్నే కూసుంట," అంది.

ముందు జగిత్యాల మిత్రుడికి ఫోన్ చేశాను. నాలుగు గదుల సంగతి ఆయన చెప్పాడు, అన్ని గదులూ ఒకేసారి చిన్నగా కనబడే మీట చెప్పాడు. చెబుతూ ఆయన నవ్వలేదు, అదొక్కటీ మేలు. మీట నొక్కగానే నా నిర్వాకమంతా ఒకేచోట బయటపడింది. అత్తగారు నోటిమీద వేలు వేసుకుంది. తర్వాత ఒక్కొక్కటీ తెరవడం, ఆమె అడగడం.

"గిది ఎవలది?"

"బుగ్గారం ఆమె కొడుకుది."

"మంచిగున్నడా?"

"మంచిగున్నడు. మొన్న ఆమె అచ్చి ఫోటోలు తీసుకపోయింది."

"ముయ్యి."

చికెన్ సెంటర్ భాయ్ బామ్మర్ది జహాజ్ మూశాం. మనకు కబురు పంపినవాడిదని నేనంటే, దానికి దండం పెట్టి మూయమంది. ఒకాయన అప్పటికే తిరిగొచ్చి, మా సందులోనే మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నాడు. ఆయన విమానం మాత్రం ఇంకా సముద్రం మీదే ఉంది. దానికి ఆమె పకపకా నవ్వింది. అన్ని నెలల్లో ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

తర్వాతది ధర్మపురి ఆయన తమ్ముడిది. ఆ తమ్ముడు దిగాడు, ఇంటికి మాట్లాడాడు, కొన్నాళ్ళు పని కూడా చేశాడు. పోయిన నెలలో పెట్టెలో వచ్చాడు. పెట్టె కోసం కాగితాలు నేనే ప్రింటు తీశాను. అదే కంప్యూటర్ మీద తీశాను, ఈ విమానం ఆ కాగితాల విండో కిందే ఉంది.

"గిది?" అంది. నా మొహం చూసి, మళ్ళీ అడగలేదు. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. తిరిగొచ్చి వాకిట్లో నిలబడి, "ముయ్యి అల్లుడా. వాని కోసం కూసుండేటోళ్ళు లేరు ఇగ," అంది. మూశాను.

చివరికి రెండే మిగిలాయి. ఒకటి కాల్ వచ్చే విండో. దాన్ని ఏ గదిలోకి పోయినా, ఏది తెరిచినా అన్నిటిపైనా కనబడేలా పెట్టే వీలుందని మిత్రుడు చెప్పాడు, అట్లాగే పెట్టాను. రెండోది మా బామ్మర్ది విమానం. అది మూయమని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి ఎవరి పని అయితే వాళ్ళ విండో వాళ్ళ ముందే మూసేవాణ్ని. కొందరు చిన్నబుచ్చుకున్నారు. "అప్పుడే ముయ్యవడ్తివి," అన్నారు. నా తెర చూశాక మా ఆవిడ అన్నం డబ్బాతో పాటు ఒక అప్పడం ఎక్కువ తెచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం కాల్ రాలేదు. ఇంకో శుక్రవారమూ రాలేదు. నేను మూత్రానికి కూడా పోకుండా తెర ముందు కూర్చున్నాను. పోతే అప్పుడే వస్తుందని భయం. ఇక రాదేమో, ఆ ఒక్కసారే దేవుడిచ్చిన అవకాశమేమో, దాన్ని నేను పోగొట్టానేమో అని లోపల కుములుతూ, పైకి మాత్రం, "నెట్ మంచిగనే ఉన్నది అత్తమ్మ," అంటుండేవాణ్ని.

వాన పడుతున్న ఒక శుక్రవారం మోగింది. విండో నా ముక్కు ముందే ఉంది. నొక్కాను. బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చి కుదురుకుంది. నల్లగా మాడిపోయిన మొహం, గడ్డం, నెత్తికి గుడ్డ. అత్తగారు ముందుకు వంగింది.

"అవ్వా," అన్నాడు.

వేలితో తెరను తాకింది. కాసేపటికి, "బువ్వ తిన్నవా కొడుకా?" అంది.

"తిన్ననే."

ఇంక ఏమడగాలో ఆమెకు తోచలేదు. అటూ ఇటూ చూసి, "మేకలు మంచిగున్నయా?" అంది.

అటువైపు వాడు నవ్వబోయి ఏడ్చాడు. మంచిగనే ఉన్నయి అవ్వా, అన్నాడు. ట్యాంకరు డ్రైవరు, ఇంకో నలుగురు మనవాళ్ళు కలిసి తనను ఎంబసీ దగ్గరికి తీసుకెళ్తున్నారనీ, ఇక దొడ్డికి తిరిగి పోననీ, ఇంటికి రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుందనీ చెప్పాడు. పిల్లల పేర్లు తలుచుకున్నాడు. అంతలో బొమ్మ ఆగిపోయింది, గొంతు కూడా ఆగిపోయింది. కాల్ తెగింది.

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగి, "కోడలికి ఫోన్ కలుపు అల్లుడా," అంది.

కలిపాను. వాడు మాట్లాడిండని చెప్పాను. సిరిసిల్ల నుంచి ఆ పిల్ల గొంతు సన్నగా, "అత్తమ్మ పొరక యాడ పెట్టిందో అడుగు అన్నా," అంది.

అత్తగారు ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "బియ్యం డ్రమ్ము ఎనుక ఉన్నది. మెల్లగ ఊకు బిడ్డా, దుబ్బ లేస్తది."

నేను మౌసు పట్టుకుని, సముద్రం మీద నెలల తరబడి ఆగి ఉన్న ఆ చీమంత విమానాన్ని వెతికాను. ఎడమ వైపు గుర్తు మీద నొక్కాను. ఈసారి నా చెయ్యి తప్పు చోటికి పోలేదు. తెర ఖాళీ అయింది. కోడలు ఫోను పెట్టెయ్యడం మరిచిపోయినట్టుంది, సిరిసిల్ల ముందుగదిలో చీపురు చప్పుడు నాదాకా వినబడుతోంది. అది ఆగేదాకా అత్తగారు ఫోను చెవి దగ్గరి నుంచి తియ్యలేదు.